రాజవ్వ సంగతి, సిందు కేసు

సిద్దిపేట,
నవంబరు, 2024.

బిడ్డా నవనీతా,

నువ్వు ఫొటో తీసి పంపిన ఉత్తరాన్ని మన గల్లీలో ఆన్‌లైన్ సెంటరు నడిపే వనజ కాగితం మీద తీసి ఇచ్చింది. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసినందుకు సంతోషం. ఫోన్‌లో మనిషి ఎదుటివాడి మాటను సగంలోనే కోస్తాడు. కాగితం మీదైతే వాక్యం అయ్యేదాకా ఆగక తప్పదు.

ముందు ఒకటి తేల్చుకుందాం. నువ్వు నాకు ఉత్తరం రాసి పదేళ్లు దాటింది. మీ బాపు ఓంప్రకాశ్‌కూ నాకూ మాటల్లేవు కాబట్టి నీకూ నాకూ లేవని నీ అంతట నువ్వే తీర్పు చెప్పుకున్నావు. ఇప్పుడు ఇంకో తీర్పు నెత్తి మీదికి వచ్చేసరికి పెద్దబాపు గుర్తొచ్చాడు. తప్పు పట్టడం లేదు. నా దగ్గరికి అందరూ అట్లాగే వచ్చారు. నలభై ఏళ్లు ఈ ఊర్లో అచ్చు ప్రెస్సు నడిపాను. పెళ్లి కుదిరినవాడు, ఓట్లలో నిలబడ్డవాడు, ఇంట్లో మనిషి పోయినవాడు తప్ప నా గడప తొక్కినవాడు లేడు.

నువ్వు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇది. నీ మొగుడు శైలేందర్ కొలువు వీసా పొడిగించలేదు. అతను ఇండియాకు వచ్చి పుణెలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నువ్వు బిడ్డ చదువు కోసం కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయావు. ఇప్పుడు నిన్ను దేశం నుంచి పంపించెయ్యాలని కేసు నడుస్తోంది. పంపితే నీకు చాలా కష్టమవుతుందని ఇక్కడి నుంచి ఎవరైనా వాంగ్మూలం రాసివ్వాలి. మీ బాపు రాసిచ్చింది పనికిరాలేదు.

నేను రాస్తాను. ఆడమనిషి ఒంటరిగా బతకడం ఇక్కడ ఎంత కష్టమో, చుట్టాలు ఎట్లా పీక్కుతింటారో పేర్లతో సహా రాయగలను. తియ్యటివి రాయడం మీ బాపుకు వచ్చు, చేదు రాయడం నాకు వచ్చు. ఎవరి పని వాళ్లు చెయ్యాలి కదా. అయితే ఆయన రాసినదాంట్లో ఏముందో, అది ఎందుకు పనికిరాలేదో దాచకుండా చెప్పు.

మీ పెద్దబాపు,
సిద్ధయ్య

*

ఇర్వింగ్, టెక్సస్,
డిసెంబరు, 2024.

పెద్దబాపుకు నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి మీరు రాసినదాంట్లో అబద్ధం కనబడలేదు.

బాపు లెటర్‌హెడ్ మీద రాశాడు. పైన కండువాతో ఆయన ఫొటో ఉంది. కోహెడలో మాది పేరున్న కుటుంబమనీ, నా బిడ్డ వస్తే పువ్వుల్లో పెట్టి చూసుకుంటామనీ, మా ఇంట్లో దేనికీ లోటు లేదనీ రాశాడు. "మా ఇంట్లో ఇదివరకే ఒక మూగ ఆడపిల్ల ఉండేది, మా అక్కను దేవతలా చూసుకున్నాం" అని కూడా రాశాడు. మా వకీలమ్మ చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఈ కాగితం కోర్టులో పెడితే నేను వాదించడానికేమీ ఉండదు. మీ నాన్న మిమ్మల్ని ప్రేమతో విమానం ఎక్కిస్తున్నాడు" అంది.

బాపుకు ఫోన్ చేసి, "అక్కడ కష్టం ఉంటదని రాయాలె బాపూ" అన్నాను. "ఏందే, నా బిడ్డ నా ఇంటికొస్తే కష్టపడ్తదని నా చేత్తోని నేను రాస్తనా? ఎవడన్న సూస్తె ఏమనుకుంటడు?" అన్నాడు. కోర్టులో జడ్జి తప్ప ఎవరూ చూడరని చెప్పినా వినలేదు. చివరికి ఏడ్చాడు.

పెద్దబాపూ, మీరు ఒకటి తప్పుగా అర్థం చేసుకున్నారు. నా కష్టం ఈ కేసులో లెక్కలోకి రాదు. నేను ఆకలితో చచ్చినా సరే, అది చట్టానికి పట్టదు. సిందు ఇక్కడ పుట్టింది, ఈ దేశపు పౌరురాలు. నన్ను పంపితే సిందుకు ఏమవుతుందన్నదే ప్రశ్న. అదీ మామూలు కష్టమైతే చాలదు. తల్లిని పంపేస్తే ఏ బిడ్డకైనా కలిగే కష్టం కంటే చాలా మించినదై ఉండాలి. నేను పోతే తనను ఉంచుకునేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. నాతో పాటు రావాల్సిందే.

సిందును మీరు చూడలేదు. సింధూజ అని పేరు పెట్టాను, తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే వినబడదు. కాని మాట రాని పిల్ల కాదు. ఇక్కడి సైగల భాష తన భాష. పూర్తి భాష, పెద్దబాపూ! అందులో జోకులున్నాయి, బూతులు కూడా ఉన్నాయట, టీచరు నాకు చెప్పదు. మూసిన కారు అద్దంలోంచి స్నేహితురాలితో ముచ్చట పెడుతుంది. నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడొద్దని నేను తనను తిట్టలేను. నేను నేర్చుకున్నది తన ముందు చిన్నపిల్లల మాటలే. "అమ్మా, నీ చేతులకు నత్తి" అని వెక్కిరిస్తుంది.

నేను పుట్టకముందే పోయిన రాజవ్వ అత్త గురించి బాపు రాసినది నిజమేనా? నాకు ఆమె దండ వేసిన ఫొటో తప్ప ఏమీ తెలియదు. మా వకీలమ్మ పదేపదే ఆమె గురించే అడుగుతోంది.

నవనీత

*

సిద్దిపేట,
జనవరి, 2025.

బిడ్డా,

పన్నెండు పేజీల వాంగ్మూలం విడిగా పంపుతున్నాను. వనజకు స్కాన్ చేసి చేసి చెయ్యి నొచ్చింది. "గింత కోపం కడుపుల పెట్టుకొని అన్నమెట్ల అరుగుతది తాతా నీకు?" అని అడిగింది. కోపమే అరిగిస్తుందని చెప్పాను.

దేవతలా చూసుకున్నారట. దేవతకు పేరు ఉంటుంది. మీ అత్తను ఆ ఇంట్లో ఎవరూ రాజవ్వ అని పిలవలేదు, పిలిచినా వినబడదు కదా అని. మా అవ్వా బాపులు, వదినెలు, పక్కింటివాళ్లు అందరికీ ఆమె "మూగి". ఆమె పోయినప్పుడు దినాల కార్డు నా ప్రెస్సులోనే అచ్చు వేశాను. రా, జ, వ్వ అని నేను అక్షరాలు పేరుస్తుంటే పక్కన నిలబడ్డ మీ బాపు, "గిది ఎవరి పేరన్నా?" అన్నాడు. ఇరవై ఏడేళ్లవాడు. తోడబుట్టిన అక్క.

వాంగ్మూలంలో ఇదంతా రాశాను. అదే ఊపులో మీ బాపు సర్పంచి ఎట్లా అయ్యాడో, మా మేనమామ బాయి నీళ్ల పంచాయితీలో ఎవరి పక్కన సాక్ష్యం చెప్పాడో, నాకు రావాల్సిన మామిడితోట ఎటు పోయిందో కూడా రాశాను. మనుషుల స్వభావం తెలిస్తేనే కదా జడ్జికి ఇంటి సంగతి అర్థమయ్యేది. మూగపిల్లలకు ఇటువైపు ఏ బడీ లేదు, ఏ దిక్కూ లేదు అని చివర రాశాను.

ఈ సంగతి ఎట్లా పొక్కిందో గానీ, మొన్న మీ బాపు నా దగ్గరికి వచ్చాడు. పన్నెండేళ్ల తర్వాత! మూతబడ్డ ప్రెస్సులో స్టూలు మీద కూర్చుని గోడలు చూశాడు. కారు డ్రైవరును బయటే ఉంచాడు, అంటే గొడవకే వచ్చాడన్నమాట.

"ఏందన్నా, ఇంటి పరువు అమెరికా కోర్టుల పెడ్తున్నవట?"

"నీ పరువంత నా మిషన్ మీదనే అచ్చయింది తమ్మీ. దాని సైజు నాకు తెల్వదా? డెమ్మీ కాగితంల పావు ముక్క, ఓట్ల కరపత్రమంత."

"నీకు నా మీద కోపముంటె నన్ను తిట్టు. సచ్చిపోయిన అవ్వను, బాపును ఎందుకు తిడ్తవ్?"

"అక్కను దేవత లెక్క చూసిన్నని ఎందుకు రాసినవ్ మరి?"

అతను స్టూలు మీది నుంచి లేచాడు. తర్వాత, "గప్పుడు నువ్వేడున్నవే? సిద్దిపేటల అచ్చులు పేర్సుకుంట కూసున్నవ్. పేడ తీసింది ఎవలు? ఆమెకు అన్నం పెట్టింది ఎవలు?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు ఉంది. కాని అప్పుడే వనజ చాయ్ పట్టుకొచ్చింది. మీ బాపు చాయ్ తాగి, చక్కెర ఎక్కువైందని వంక పెట్టి పోయాడు.

వాంగ్మూలం అందినట్టు రాయి.

సిద్ధయ్య

*

ఇర్వింగ్,
ఫిబ్రవరి, 2025.

పెద్దబాపుకు,

మీ పన్నెండు పేజీలు ఇంగ్లీషులోకి మార్పించాను. మా వకీలమ్మ చదివి మొదట అడిగిన ప్రశ్న: "ఈయన సాక్షా, ఫిర్యాదుదారా?"

రాజవ్వ అత్త గురించి మీరు రాసినది మొత్తం కలిపినా ఒక పేజీ లేదు. మిగతాదంతా మామిడితోట, సర్పంచి ఎన్నిక, బాయి నీళ్లు. ఇది చూస్తే ప్రభుత్వం తరఫు వకీలు లేచి, "ఈ పెద్దమనిషికి తమ్ముడంటే పగ, పగ తీర్చుకోవడానికి రాశాడు" అంటాడట. అప్పుడు నిజం కూడా పగలాగే కనబడుతుంది.

ఇంకొకటి. బడి లేదని రాశారు. అవతలివాళ్లు పెట్టిన కాగితాల్లో మన వైపు వినబడని పిల్లల బడుల పేర్లు, ఫొటోలతో సహా ఉన్నాయి. మీరు ఒక్కటైనా పోయి చూశారా? చూడకుండా లేదని ప్రమాణం చేస్తే మిగతావన్నీ కొట్టుకుపోతాయి.

కోపం తెచ్చుకోకండి, చిన్నదాన్ని, చెప్పక తప్పడం లేదు. ఇది నా బిడ్డ కేసు. మీదీ బాపుదీ కాదు. బాపు గొప్ప కోసం ఒక కాగితం రాశాడు, మీరు కసి కోసం ఒక కాగితం రాశారు. రెండింట్లోనూ సిందు లేదు. మీరు రాసినదాంట్లో తన పేరు ఒకే ఒకసారి వచ్చింది, అదీ "సంధ్య" అని.

నిన్న తను నా ముందు కూర్చుని, "మనం పొయ్యే ఊర్లో నాలాగా మాట్లాడేవాళ్లు ఉన్నారా?" అని అడిగింది. తెలియదన్నాను. "కనుక్కోవచ్చు కదా, అక్కడ నీకు ఒక్కరూ తెలియదా?" అంది. నాకు తెలిసినవాళ్లు మీరే.

నవనీత

*

సిద్దిపేట,
మార్చి, 2025.

బిడ్డా,

నీ ఉత్తరం చదివి పదిహేను రోజులు జవాబు రాయలేదు. చిన్నపిల్లవు నాకు బుద్ధి చెప్పేదానివయ్యావని అనుకున్నాను. ఒక ఉత్తరం రాసి చింపాను కూడా. అందులో నీ ముత్తాత దాకా పోయాను, వాళ్లెవరూ నీ కేసులో లేరని తర్వాత తోచింది.

తర్వాత బడి చూడటానికి పోయాను. రెండు బస్సులు మారాలి. వనజ సెంటరు మూసి నా వెంట వచ్చింది, నువ్వు పంపిన సిందు వీడియోలు ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి.

నేను ఒక చీకటి గది, కిటికీకి వేలాడే పిల్లలు, కర్ర పట్టుకున్న పంతులు ఉంటారనుకుని పోయాను. నిజం చెప్పాలంటే అట్లాంటిది కనబడాలని కోరుకున్నాను. కాని గేటు దాటేసరికి కబడ్డీ ఆడుతున్నారు. కూత లేని కబడ్డీ! కూత పెట్టే బదులు ఆడేవాడు చెయ్యి పైకెత్తి వేళ్లు ఆడిస్తూ పోతాడు, వేళ్లు ఆగితే ఔటు. గోల మాత్రం మామూలు బడికి రెండింతలు, ఎంత గోల చేస్తున్నామో వాళ్లకు తెలియదు కదా. అన్నం బాగుంది, నేను తిన్నాను. ఈ సంగతి నీ వకీలమ్మకు నచ్చకపోవచ్చు, కాని ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు.

సంగీత అని ఒక టీచరు ఉంది. కోహెడ వైపు పిల్లే, మన మాటే మాట్లాడుతుంది. ఆమెకు సిందు వీడియో చూపించాం. పిల్లలు చుట్టూ మూగారు. సిందు చేతులాడిస్తుంటే కళ్లు పెద్దవి చేసి చూశారు. ఒకడు నవ్వాడు, ఇంకొకడు అనుకరించాడు. తర్వాత అందరూ సంగీత ముఖం చూశారు.

"ఏమంటున్నరు?" అని అడిగాను.

"'గీ అమ్మాయి ఏమంటుంది టీచర్?' అంటున్నరు సార్. వాళ్లకు సమజైతలేదు. ఒకటి రెండు సైగలు తెలుస్తయి, అంతే. అక్కడి అక్షరాలు ఒక్క చేత్తోని చేస్తరు, మనయి రెండు చేతుల తోని. మొత్తం వేరే భాష సార్ గది."

"నేర్చుకోదా మరి?"

"ఎందుకు నేర్వదు? తెలివిగల్ల పిల్ల. ఏండ్లు పడ్తది. ఇంట్ల వాళ్లకు సైగలు వస్తయా?"

"రావు."

"అయితే ఇంకెక్కువ పడ్తది. ఇక్కడి పిల్లలు దసరా సెలవులకు ఇంటికి పోతె, సెలవులు అయ్యేదాక మాట్లాడేందుకు మనిషి ఉండడు సార్. బడికొచ్చిన్నాడు చూడాలె, పొద్దంత చేతులాగయి."

ఆమె ఇంకోమాట కూడా అంది. పదో తరగతి దాటితే ఈ పిల్లలకు దారులు తక్కువట. ఉన్నవి కూడా దూరమట. ఇవన్నీ ఆమె పేరుతో, ఆమె ఒప్పుకున్న మాటలతోనే రాశాను.

కొత్త వాంగ్మూలం మూడు పేజీలు. బడి ఉంది, మంచిదే, కాని అది సిందు భాష మాట్లాడే బడి కాదు. ఇది ఒకటిన్నర పేజీ. మిగతాది రాజవ్వ. మామిడితోట లేదు.

రాజవ్వ గురించి రాసినది ఇది. ఆమెతో మాట్లాడటానికి మా ఇంట్లో కొన్ని సైగలుండేవి. ఊడువు, పిండు, మొయ్యి, తిను, లోపలికి పో, ఎవరో వచ్చారు. అన్నీ ఆమెకు మేం చెప్పేవే. ఆమె మాకు చెప్పడానికి సైగలు లేవు, అవసరం ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఒక వానాకాలం ఆమెకు కడుపులో నొప్పి లేచింది. కడుపు పట్టుకుని చూపించింది. ఆకలి అనుకుని అన్నం పెట్టారు. తినకపోతే అలిగిందనుకున్నారు. పొర్లాడితే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. దవాఖానకు తెచ్చేసరికి పేగు పగిలిందని డాక్టరు చెప్పాడు. నొప్పి కుడిపక్క మొదలైందా, ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగాడు. అక్కడున్న ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి పోయింది. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ కొట్టలేదు. కడుపు మాడ్చలేదు. ఈ రెండు వాక్యాలూ మీ బాపు కోసం చేర్చాను, నిజం కనుక.

సింధూజ అని సరిగ్గా రాశాను. వనజ రెండుసార్లు చూసింది.

సిద్ధయ్య

*

ఇర్వింగ్,
మే, 2025.

పెద్దబాపుకు,

మీ మూడు పేజీలు చదివి మా వకీలమ్మ ఫైలులో పైన పెట్టింది. బాపు కాగితం కోర్టులో పెట్టడం లేదు. మీరు రాసినది బాపుకు నేనే చదివి వినిపించాను. రాజవ్వ అత్త భాగం అయ్యాక, "అన్నం నేనే పెట్టిన, తినలే" అన్నాడు. అంతే అని ఫోన్ పెట్టేశాడు.

జూన్‌లో విచారణ. మీరు వీడియోలో సాక్ష్యం చెప్పాలి. మీకు సాయంత్రం ఏడు గంటల వేళ అవుతుంది. వనజక్క సెంటరులో కూర్చోండి. తెలుగు దుబాసీ ఉంటాడు. సిందు కోర్టులోనే ఉంటుంది, తనకు సైగల దుబాసీని విడిగా పెడుతున్నారు.

మా వకీలమ్మ చెప్పమన్నవి రాస్తున్నాను. అడిగినదానికే జవాబు చెప్పండి. సామెతలు వద్దు. బాపు గురించి అడిగితే తప్ప మాట్లాడొద్దు. అవతలి వకీలు మర్యాదగా మాట్లాడతాడు, ఆ మర్యాదకు మెత్తబడొద్దు. వాళ్లు వస్తే మీరు చూసుకుంటారా అని తప్పకుండా అడుగుతాడు. మీ వయసు, మీ బీపీ, మీరు ఒంటరిగా ఉండటం, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అబద్ధం ఒక్కటీ అక్కర్లేదు.

గెలవడం కష్టమని ఆమె ముందే చెప్పింది. ఇట్లాంటివి చాలా కొట్టేస్తారట. ఓడితే నాలుగు నెలల్లో మేం అక్కడ ఉండొచ్చు. సిందుకు ఈ మాట ఇంకా చెప్పలేదు. తనకు తెలుసని నా అనుమానం, ఈ మధ్య బొమ్మలన్నీ స్నేహితులకు పంచిపెడుతోంది.

నవనీత

*

సిద్దిపేట,
జూన్, 2025.

బిడ్డా,

నీ కేసు నేనే చెడగొట్టాను. ఎట్లా చెడగొట్టానో నీకు తెలుసు, నువ్వు అక్కడే ఉన్నావు. అయినా నా వైపు నుంచి రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని గంట ముందే కూర్చున్నాను. వనజ సెంటరు ముందు షట్టరు సగం దించింది. దుబాసీ కోస్తా మనిషి. "సిద్ధయ్య గారండీ, నిజమే చెబుతానని ప్రమాణం చేయండీ" అన్నాడు. నేను మాట్లాడింది అతనికి సగం అర్థం కాలేదని నా అనుమానం. "తాయెత్తు కట్టిచ్చిన్రు" అంటే, "కట్టించినది ఎవరండీ, మీరాండీ?" అని అడిగాడు. అయినా ఓపిక పట్టాను. బడి సంగతి, రాజవ్వ సంగతి బాగానే చెప్పాను. సామెత ఒక్కటి నోటిదాకా వచ్చింది, మింగాను.

తర్వాత అవతలి వకీలు లేచాడు. నీ వకీలమ్మ చెప్పినట్టే మర్యాదస్తుడు. నా వయసు అడిగాడు, ఆరోగ్యం అడిగాడు, ఎంతవరకు చదువుకున్నానని అడిగాడు. నన్ను ఈ ఊర్లో ఎవరూ అట్లా అడగలేదు. ఆ తర్వాత అన్నాడు: "ఆ పాపకు సిద్దిపేటలో ఉండటానికి చోటు లేకపోతే మీ ఇంట్లోకి రానివ్వరా?"

చెప్పవలసింది నాకు తెలుసు. డెబ్భై ఆరేళ్లు, ఒక్కణ్ని, చేతగాదు. అన్నీ నిజాలే. నోరు తెరిచాను. నా ముందు తెర మీద ఒక మూలన ఆ పిల్ల కనబడుతోంది. చెవుల మీదికి జుట్టు, పసుపు గౌను. నన్నే చూస్తోంది. ఆడపిల్ల ముందర, మన ఇంటి పిల్ల ముందర, రావద్దు అనే మాట ఎట్లా అంటారు?

"ఎందుకు రానియ్య? నా ఇల్లే ఆమె ఇల్లు. రమ్మను" అన్నాను.

వనజ నెత్తి కొట్టుకుంది. దుబాసీ ఈ ఒక్కటి మాత్రం తప్పు లేకుండా మార్చాడు, నాకు ఆపాటి ఇంగ్లీషు వచ్చు. ఆ వకీలు "థాంక్యూ సర్" అని కూర్చున్నాడు. మీ బాపు లెటర్‌హెడ్ మీద రాసిన మాటనే నేను ప్రమాణం చేసి మరీ చెప్పాను. నలభై ఏళ్లు వాణ్ని దేనికి వెక్కిరించానో అదే నా నోట్లో ఉంది.

ఆ తర్వాత జడ్జి నన్ను నేరుగా ఒకటి అడిగింది. "మీ ఇంట్లో ఉంటే ఆ పాపతో మీరు ఏ భాషలో మాట్లాడతారు?"

నాకు వచ్చిన భాషలు లెక్కపెట్టుకున్నాను. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, కొంత హిందీ. చదివినవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, పోయాయి. చేతులు వాటంతట అవే లేచాయి. ఏం చెయ్యాలో వాటికి తెలియదు. దించుకున్నాను. "సమాధానం చెప్పండీ" అని దుబాసీ రెండుసార్లు అన్నాడు. తర్వాత తెర ఆరిపోయింది.

వనజ షట్టరు పైకెత్తి, "ఇంటికి పో తాతా, రేపు మాట్లాడుకుందం" అంది.

నువ్వు తిట్టు. తిట్లు చదివే ఓపిక నాకుంది.

సిద్ధయ్య

*

ఇర్వింగ్,
జులై, 2025.

పెద్దబాపూ,

తిట్టను. కాని ఆరోజు తిట్టాను, మనసులో కాదు, బయటికే. మీరు "రమ్మను" అనగానే "అయ్యో పెద్దబాపూ" అని పైకే అన్నాను. మా వకీలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

ఇక్కడ జరిగింది మీకు కనబడలేదు కాబట్టి చెబుతాను. సిందు ముందు సైగల దుబాసీ కూర్చుంది. మీ మాట తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి ఆమె చేతుల్లోకి వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. అప్పుడు సిందు నావైపు తిరిగి, "ఆ తాత నన్ను రమ్మన్నాడు. నేను తెలుసా ఆయనకు?" అని అడిగింది. నీ కోసం రెండు బస్సులు ఎక్కి బడి చూసొచ్చినవాడు ఆయనే అని చెప్పాను. మళ్లీ తెర వైపు తిరిగింది.

అప్పుడే జడ్జి మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగింది. మీ చేతులు లేచాయి. కోర్టులో మాకందరికీ అది ఒక ముసలాయన తడబాటు. సిందుకు మాత్రం కాదు. చేతులు లేస్తే మాట వస్తుందని తనకు తెలుసు. కుర్చీ అంచుకు జరిగింది. మీ చేతులు దిగిపోయాయి. సిందు దుబాసీని అడిగింది, "ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు" అంది ఆమె.

"అన్నాడు. నాకే అర్థం కాలేదు" అంది సిందు.

కోర్టులో ఏ చేయి ఏం మాట్లాడినా దుబాసీ పైకి చెప్పాలట, అది నియమం. ఆ మాట అందరికీ వినబడేలా చెప్పింది. జడ్జి రాసుకుంది. ఎంతసేపు రాసుకుందో నేను చూడలేకపోయాను.

నిన్న తీర్పు చెప్పింది. మా వకీలమ్మ నాకోసం రాసుకున్న ముక్క మీకు తెలుగులో రాస్తున్నాను. "సాక్షి తన ఇల్లు ఇస్తానన్నాడు. ఆయన మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను. ఆ ఊర్లో ఈ పాపకు అన్నం ఉంటుంది, నీడ ఉంటుంది, బడి కూడా ఉండవచ్చు. ఆమెను ప్రేమించే ఇంట్లోనే ఆమెతో మాట్లాడగలిగే మనిషి, తల్లి తప్ప, ఒక్కరూ ఉండరు. ఆ తల్లి కూడా తడబడుతూ మాట్లాడుతుంది. ఇది మామూలు కష్టం కాదు." రాజవ్వ అత్త పేరు కూడా చదివింది. రాజ్ అవ్వా అని చదివింది. పేరు పెట్టే చదివింది.

ఇంకా అయిపోలేదు. ఏడాదికి ఇంతమందికే అనుమతి ఇవ్వాలని లెక్క ఉందట, మా వంతు వచ్చేదాకా ఆగాలి. అవతలివాళ్లు అప్పీలుకు పోవచ్చు కూడా. కాని ఇప్పుడైతే మమ్మల్ని పంపడం లేదు.

బాపుకు చెప్పాను. సంతోషపడి, వెంటనే, "అంటే మన ఇల్లు పనికిరాదని తీర్పిచ్చిన్రా?" అన్నాడు. కాదు బాపూ, మన ఇల్లు మంచిదేనని నమ్మిన్రు అన్నాను. "ఆఁ" అన్నాడు.

సిందు పంచిపెట్టిన బొమ్మల్లో రెండు అడిగి వెనక్కి తెచ్చుకుంది. మిగతావి ఇచ్చెయ్యడం మంచిదే అయిందట, అవి చిన్నపిల్లల బొమ్మలట.

నవనీత

*

సిద్దిపేట,
ఆగస్టు, 2025.

బిడ్డా,

నీ ఉత్తరం వనజ పైకి చదివింది. నా కళ్లద్దాలు మరమ్మతుకు ఇచ్చానని ఆమెకు చెప్పాను. ఆమె నమ్మినట్టే చదివింది.

జడ్జికి తెలివి ఉంది. అయినా తీర్పులో "పూర్తిగా నమ్ముతున్నాను" అనాల్సిన పని లేదు, "నమ్ముతున్నాను" అంటే చాలు. అచ్చు పని చేసినవాణ్ని, ఎక్కువ మాట కనబడితే ఊరుకోలేను.

మీ బాపు సంగతి విను. కోహెడ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. "అమెరికా కోర్టులో గళం విప్పిన మా అన్న సిద్ధయ్య గారికి శుభాకాంక్షలు." కింద తన ఫొటో పెద్దది, పైన నాది చిన్నది, అదీ ఇరవై ఏళ్ల కిందటిది, మీసంతో. గళం విప్పానట! నేను నోరు మూసుకుని కూర్చుంటేనే కదా కేసు నిలబడింది. తీసెయ్యమని చెబుదామని ఫోన్ చేశాను. "ఎండకు మంచిగ కనవడ్తుందే అన్నా, వానొస్తే అదే పోతది" అన్నాడు. సరేనన్నాను. తర్వాత ఇద్దరం రెండు నిమిషాలు ఫోన్ పట్టుకునే ఉన్నాం. అతని ఇంట్లో కుక్కర్ కూతలు వినబడుతున్నాయి. అతనే పెట్టేశాడు.

రాజవ్వ గురించి నీకు ఇంకొకటి చెప్పాలని ఉంది, కాని నాకు తెలిసింది అయిపోయింది. ఆమె నాకు చిన్నప్పుడు చాలా చెప్పింది, చేతులతో, ముఖంతో, గంటలు గంటలు. నేను తల ఊపేవాణ్ని.

వంతు వచ్చేదాకా ఓపిక పట్టండి. ఆ దేశంలో వరుసలో నిలబడితే వంతు వస్తుందని విన్నాను, ఇక్కడిలా కాదు.

ఈసారి ఉత్తరం రాసేటప్పుడు సిందును ఒకటి అడిగి రాయి. నేను ఆరోజు చేతులెత్తి ఏదో అన్నానంది కదా. ఏమన్నానని అనుకుంటోందో అడుగు. నాకూ తెలుసుకోవాలని ఉంది.

మీ పెద్దబాపు,
సిద్ధయ్య